ఎడమవైపు గడి

మా కాలేజీలో మంగళవారం పొద్దున అటెండర్ ఒక కాగితం పట్టుకుని వస్తాడు. ఆదివారం రాసిన వీకెండ్ టెస్ట్ మార్కుల్ని బట్టి సెక్షన్ మారిన పిల్లల జాబితా అది. పేరు పిలవగానే పిల్లలు పుస్తకాలు సర్దుకుని లేస్తారు. పై సెక్షన్‌కి వెళ్ళేవాళ్ళు గబగబా నడుస్తారు. కిందికి వచ్చేవాళ్ళు మాత్రం తలుపు దగ్గర కాసేపు ఆగి, ఖాళీ బెంచీ ఎక్కడుందో వెతుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా వచ్చి కూర్చుంటారు. విజయవాడలో ఇంటర్ పిల్లలకు మేథ్స్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఆ తలుపు దగ్గరి అరనిమిషం నాకింకా అలవాటు కాలేదు.

దేశాల ఎదుగుదలను పోల్చడం గురించి రాద్దామని కూర్చుని సెక్షన్ల దగ్గర ఎందుకు మొదలుపెట్టానంటే, నాకు ఈ రెండూ ఒకే లెక్కగా కనిపిస్తాయి. రెండింటిలోనూ ఒకే తప్పు జరుగుతోంది.

2025 మే నెలలో ఐక్యరాజ్యసమితి వాళ్ళ మానవాభివృద్ధి నివేదిక వచ్చింది. 193 దేశాల్లో మనది 130వ స్థానం. మాకు అప్పుడు ఎంసెట్ క్లాసులు జోరుగా నడుస్తున్నాయి. స్టాఫ్ రూమ్‌లో పేపరు చేతులు మారుతోంది. "బంగ్లాదేశ్‌తో సమానమట మాస్టారూ, ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?" అన్నారు ఫిజిక్స్ సార్. "అంతకుముందు ఏడాది 133 అట కదండీ, మూడు మెట్లు ఎక్కాం" అన్నారు కెమిస్ట్రీ మేడమ్. ఇద్దరూ నాకంటే బాగా చదువుకున్నవాళ్ళే. ఇద్దరూ ర్యాంకు దగ్గరే ఆగిపోయారు. ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చామన్నది ఇద్దరూ అడగలేదు. మన ఊళ్ళో ర్యాంకుకు ఉన్న పట్టు అలాంటిది. బెంజ్ సర్కిల్ దగ్గర జూన్ నెలంతా ఫ్లెక్సీల మీద అదే చూస్తూ పెరిగిన ఊరిది.

ఆ ర్యాంకు వచ్చేది మానవాభివృద్ధి సూచిక అనే అంకెను బట్టి. ముందు ఆ సూచిక కథ కాస్త చెప్పుకోవాలి. 1990లో మొదటి నివేదిక వచ్చింది. దాన్ని నిలబెట్టినవాడు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్. కేంబ్రిడ్జిలో ఆయనతో చదువుకున్న అమర్త్య సేన్‌కి మొదట ఈ ఆలోచన నచ్చలేదు. మనిషి బతుకంతటినీ ఒక్క అంకెలో కుక్కడం మొరటుపని అనిపించింది ఆయనకి. హక్ పట్టు విడవలేదు. తలసరి ఆదాయం అనే ఒంటి అంకెను గద్దె దించాలంటే అంత మొరటుదే ఇంకో అంకె కావాలి, కాకపోతే అది మనిషిని చూడగలిగినదై ఉండాలి అన్నాడు. అలా ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడూ కలిశాయి.

లెక్క చేసే పద్ధతిలో నాకు బాగా నచ్చేవి రెండున్నాయి. ఆదాయానికి నేరుగా డాలర్లు వేసుకోరు, లాగరిథమ్ తీసుకుంటారు. తలసరి వెయ్యి డాలర్లు రెండువేలు కావడం, ఇరవై వేలు నలభై వేలు కావడం అక్కడ ఒకే పొడవున్న అడుగు. బీదింట్లో వెయ్యి రూపాయలు చేసే పని వేరు, డబ్బున్న ఇంట్లో చేసే పని వేరు అన్న సంగతి ఫార్ములాలోనే ఉంది. రెండోది, 2010 నుంచి మూడు భాగాలనీ కూడి మూడుతో భాగించడం మానేశారు. గుణించి ఘనమూలం తీస్తున్నారు. 0.9, 0.9, 0.3 ఉన్న దేశానికి పాత పద్ధతిలో 0.7 వచ్చేది, కొత్త పద్ధతిలో 0.62 వస్తుంది. ఒకదాంట్లో వెనకబడితే మిగతా రెండూ దాన్ని పూర్తిగా కప్పిపుచ్చలేవు. క్లాసులో ఇది చెబితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

ఇక దేశాల సెక్షన్లు. 0.800, ఆపైన వస్తే అత్యున్నత అభివృద్ధి, 0.700 నుంచి ఉన్నత, 0.550 నుంచి మధ్యస్థ, దానికి దిగువన అల్పం. ఆ 2025 నివేదికలో మనది 0.685, మధ్యస్థం. చైనాది 0.797, ఉన్నతం. చైనా ఇంకో మూడు వేలవంతులు పెరిగిందనుకోండి, గీత దాటి పై సెక్షన్‌లోకి వెళ్తుంది. గుంపు సగటును జనాభాను బట్టి కడతారు. తన గుంపు సగటు కంటే పైన ఉన్న 140 కోట్ల జనం ఒక్కసారిగా వెళ్ళిపోతే ఆ గుంపు సగటు పడిపోతుంది. వెళ్ళి చేరిన గుంపు సగటు కంటే వాళ్ళు కిందుంటారు కాబట్టి అదీ పడిపోతుంది. చైనా ఎదిగింది, ఎవరూ తగ్గలేదు, అయినా రెండు సగటులూ కిందికి దిగాయి! ఇది మా కాలేజీలో ప్రతి మంగళవారం జరిగేదే. నేను చెప్పే చివరి సెక్షన్ నుంచి నలుగురు పైకి పోతారు, ఆ వారం నా సెక్షన్ సగటు పడిపోతుంది, మీటింగ్‌లో నన్ను లేపి అడుగుతారు. పైకి పోయిన నలుగురూ నా దగ్గర చదివినవాళ్ళేనని చెప్పుకోవడానికి ఆ గ్రాఫులో చోటు ఉండదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. నివేదికలో 1990 నుంచి ఇప్పటిదాకా గుంపులవారీ ధోరణుల పట్టిక ఇస్తారు. అందులో గుంపు అంటే ఇప్పటి గుంపే. ఇవాళ పైన ఉన్న దేశాలన్నిటినీ ఒక చోట చేర్చి, అదే గుంపును 1990 దాకా వెనక్కి తీసుకెళ్తారు. దక్షిణ కొరియా ఇవాళ ఆ గుంపులో ఉంది కాబట్టి దాని ఎదుగుదల అంతా ఆ గుంపు ఖాతాలో పడుతుంది. 1953లో యుద్ధం ఆగేటప్పటికి కొరియా శిథిలాల కుప్ప. బీద దేశంగా బయల్దేరి అంత దూరం నడిచిన దేశం నడక, బీద దేశాల లెక్కలో కనిపించకుండా పోయింది. అటువైపు అల్ప గుంపులో ఎవరు మిగిలారు? ఎదగలేనివాళ్ళు. ఎదిగినవాళ్ళు ఎదగగానే బయటికి వచ్చేశారు, నేపాల్, బంగ్లాదేశ్ అలా వచ్చినవే. మిగిలినవాళ్ళను చూపించి 'బీద దేశాలు ఎదగడం లేదు' అంటే, ఫెయిలైనవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఈ గదిలో ఒక్కడూ పాసవలేదని చెప్పినట్టే. ఇలాంటి పట్టిక చూపించి ఎవరైనా సాయం దండగ, ఆ దేశాలంతే అని తేల్చేస్తే నాకు కోపం వస్తుంది. లెక్కను బతుకు మీదికి తిప్పి కొట్టడం అది.

అందుకే నేననేది ఏమిటంటే, దీర్ఘకాలపు ఎదుగుదలను గుంపులుగా పోల్చాలనుకుంటే బయల్దేరినప్పుడు ఎవరు ఎక్కడున్నారో దాన్ని బట్టి గుంపు కట్టాలి. కట్టాక చివరిదాకా ఆ గుంపును కదపకూడదు. ఏ కొలబద్దతో కొలుస్తున్నామో ముందే చెప్పాలి.

కొలబద్ద అన్నాను కదా, దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తెలిసినవాళ్ళు కూడా ఇక్కడే జారిపోతారు. కొన్నేళ్ళ కిందట నా సెక్షన్‌లోకి మైలవరం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. తెలుగు మీడియం, నాన్న కౌలు రైతు. మొదటి వీకెండ్ టెస్టులో 300కి 48. రెండో ఏడాది చివరికి 131. అదే బ్యాచ్‌లో పై సెక్షన్ కుర్రాడు 252తో మొదలై 276కి వచ్చాడు. ఎవరు ఎక్కువ ఎదిగారు? మార్కులు చూస్తే అమ్మాయి 83, అబ్బాయి 24. శాతం చూస్తే అమ్మాయి 170 పైన, అబ్బాయి పదికి లోపు. అదే, నూటికి నూరు రావడానికి ఇంకా ఎంత లోటుందో చూడండి. అబ్బాయికి 48 మార్కుల లోటు ఉండేది, సగానికి తగ్గించాడు. అమ్మాయికి 252 లోటు, మూడో వంతే తగ్గించింది. మూడు కొలబద్దల్లో రెండు ఆమె వైపు, ఒకటి అతని వైపు. ఏదీ తప్పు లెక్క కాదు. 252 తర్వాత ఒక్కో మార్కూ ఎంత కష్టమో నాకు తెలుసు. మీడియం మారిన పిల్ల ప్రశ్న అర్థం చేసుకోవడానికే ఎన్ని రాత్రులు కూర్చుందో కూడా తెలుసు.

దేశాల్లో కూడా అంతే. మన సూచిక 1990లో 0.446, 2023లో 0.685. శాతంలో 53కి పైగా పెరిగింది, వినడానికి ఘనంగా ఉంటుంది. లోటు లెక్కలో, అంటే పూర్తి అంకె 1కి ఎంత తక్కువున్నామో చూస్తే, నూటికి 43 వంతులు పూడ్చుకున్నాం. ఇదీ తక్కువేమీ కాదు, కానీ మొదటి అంకె విన్నప్పటి ఊపు ఇక్కడ రాదు. ఆయుర్దాయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సూచికలో దానికి పైకప్పు 85 ఏళ్ళు. జపాన్ ఇప్పటికే ఆ కప్పును తాకేంత దగ్గరగా ఉంది. అక్కడ ఒక ఏడాది పెంచాలంటే గుండెజబ్బుతో, క్యాన్సర్‌తో, ముసలితనంతో పోరాడాలి. 45 దగ్గర ఉన్న దేశం టీకాలతో, మంచినీళ్ళతో పదేళ్ళు పెంచుకోగలదు. శాతాలు చెప్పి బీద దేశాల్ని పొగిడేవాళ్ళూ, లోటు చెప్పి ధనిక దేశాల్ని పొగిడేవాళ్ళూ ముందుగా తమ స్కేలు బల్ల మీద పెట్టి మాట్లాడాలి.

దీన్ని సరిగ్గా చేసిన ప్రయత్నం ఒకటి ఉంది. 2010 నివేదికలో 1970 నుంచి 2010 దాకా 135 దేశాలను తీసుకుని, ఒకే స్థాయిలో బయల్దేరిన దేశాలతో పోలిస్తే ఏది ఎక్కువ దూరం నడిచిందో చూశారు. మొదటి పదిలో ఒమన్, చైనా, నేపాల్, ఇండొనేషియా, సౌదీ అరేబియా, లావోస్, ట్యునీషియా, దక్షిణ కొరియా, అల్జీరియా, మొరాకో వచ్చాయి. ర్యాంకుల పట్టిక చూసే అలవాటున్న కంటికి ఈ జాబితా కొత్తగా ఉంటుంది. ఒమన్‌లో 1970 నాటికి ఉన్నవి మూడంటే మూడు బడులు. చమురు డబ్బు వచ్చిన దేశాలు చాలా ఉన్నాయి, ఆ డబ్బును బడుల్లో, ఆస్పత్రుల్లో పెట్టడం వల్ల ఒమన్ ముందుకొచ్చింది. నేపాల్‌కి ఆ చమురూ లేదు. కొండలు, రాజకీయ గందరగోళం, పదేళ్ళ అంతర్యుద్ధం. అయినా 1970లో పుట్టిన నేపాలీ బిడ్డ కంటే 2010లో పుట్టిన బిడ్డకు పాతికేళ్ళు ఎక్కువ ఆయుష్షు. ఆ పది దేశాల్లో ఆదాయం ఒక్కదాని బలంతో పైకి వచ్చింది చైనా మాత్రమే. మిగతావాటిని ఆరోగ్యం, చదువు లాక్కొచ్చాయి.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. పొన్నూరు దగ్గర పల్లెటూరు మాది. ఆమెకి తొమ్మిది కాన్పులు, బతికి బట్టకట్టింది ఐదుగురు. నాన్న తర్వాత పుట్టిన ఆడపిల్ల మూడేళ్ళప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. "నీళ్ళు నీళ్ళని ఏడ్చిందిరా. ఇస్తే ఇంకా ఎక్కువవుతుందని పెద్దవాళ్ళు ఇవ్వనివ్వలేదు" అని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉండేది. ఆ పిల్ల పేరు నాకు తెలియదు. నాయనమ్మ ఎప్పుడూ పేరు పెట్టి చెప్పలేదు, 'ఆ పిల్ల' అనేది.

ఆ పిల్లకి కావలసినవి ఉప్పు, పంచదార, నీళ్ళు. పేగు గోడలో గ్లూకోజ్ ఉప్పును తన వెంట లోపలికి తీసుకెళ్తుంది, దాని వెనకే నీరు వెళ్తుంది. సెలైన్ సీసా లేకుండానే ఒంట్లో నీరు నిలుస్తుంది. ఇది 1960ల్లో ఢాకాలో, కలకత్తాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్ బనగాఁవ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ అయిపోయింది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు, ఇప్పుడు మనం ఓఆర్ఎస్ అంటున్న ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి పంచారు. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకు వచ్చాయి.

తర్వాత బంగ్లాదేశ్ చేసిన పని నా దృష్టిలో ఇంకా గొప్పది. 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ అనే అక్కడి స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్ళను ఊరూరా పంపి, కోటికి పైగా ఇళ్ళలో తల్లులకు చేతులతో చేసి చూపించింది: మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. ప్యాకెట్ అక్కర్లేదు, చదువు రానక్కర్లేదు. ఆ కార్యకర్తలకు జీతం ఎన్ని ఇళ్ళు తిరిగారన్న లెక్క మీద కాదు. కొన్నాళ్ళ తర్వాత వేరేవాళ్ళు వెళ్ళి తల్లుల్ని అడిగేవారు, తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత డబ్బు. టీచరుగా నేనిది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పాఠం ఎన్ని గంటలు చెప్పావని కాకుండా ఎదుటి మనిషి దగ్గర ఏం మిగిలిందని అడిగారు. ఇవాళ బంగ్లాదేశ్ ఆయుర్దాయం 74 దాటింది, మనది 72. 1990లో వాళ్ళ సూచిక మనకంటే కింద ఉండేది. ఫిజిక్స్ సార్ తలవంపులు అన్నది ఈ దేశంతో సమానమైనందుకు!

అలాగని మన నడక చిన్నదేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుష్షు 32 ఏళ్ళ చిల్లర. 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది పసివాళ్ళు ఏడాది నిండకుండానే పోయేవారు, 2023లో 25 మంది. 1990లో 58.6 ఏళ్ళున్న ఆయుర్దాయం 2023కి 72కి వచ్చింది. అంటే ఏడాది గడిచిన ప్రతిసారీ దేశపు ఆయుష్షు దాదాపు ఐదు నెలలు పెరిగింది. మధ్యలో కోవిడ్ దెబ్బకు 2021లో 67కి జారి మళ్ళీ లేచింది కూడా.

చదువు మాత్రం మెల్లగా కదులుతుంది, అది సహజం. సూచికలో సగటు చదువు అంటే పాతికేళ్ళు దాటిన పెద్దల చదువు. మనది 6.9 ఏళ్ళు. ఇవాళ బడిలో చేరే పిల్లకు 13 ఏళ్ళ చదువు దొరకవచ్చని అంచనా. మా అమ్మ ఐదు చదివింది, మా అమ్మాయి ఎంటెక్ చేస్తోంది, ఒకే ఇంట్లో ఆ రెండు అంకెలూ అన్నం తింటున్నాయి. అమ్మ తరాన్ని వెనక్కి పంపి చదివించలేం. అందుకే ఐదేళ్ళలో ఏం సాధించారు అన్న ప్రశ్నతో ఈ భాగాన్ని కొలవకూడదు.

మొదలు అన్న మాట కూడా అంత సులువు కాదు. పట్టిక 1990లో మొదలవుతుంది కాబట్టి అందరూ అక్కడే బయల్దేరారని అనిపిస్తుంది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాలో డొక్కల కరువు వచ్చింది. మూడో వంతు జనం పోయారని లెక్కలు. ఆ గాయం తర్వాతే కృష్ణ మీద ఆనకట్ట కట్టాలన్న మాట బలపడి, 1855కి బెజవాడలో ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు మనం చూసే ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. కాలవలు పారిన చోట వరి పండింది, వరి డబ్బుతో బడులు, ఆస్పత్రులు, సినిమా హాళ్ళు వచ్చాయి. కాలవ అందని పల్నాడు మెట్ట చాలాకాలం అలాగే ఉండిపోయింది. అప్పట్లో జిల్లా ఒకటే, బయల్దేరిన గీతలు రెండు. ప్రపంచ పటం మీద ఇలాంటి గీతలు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

'సబ్ సహారా ఆఫ్రికా' అని ఒకే పేరు పెట్టి సగటు తీసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ గుంపులో మారిషస్ ఉంది, దక్షిణ సూడానూ ఉంది. బోట్స్వానా ఉంది. 1980ల చివరికి అక్కడ ఆయుర్దాయం 60 దాటింది. ఎయిడ్స్ వచ్చి పదేళ్ళు పైగా కోసేసింది. 2002 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టాక మళ్ళీ పైకి వచ్చింది. పైకి, కిందికి, మళ్ళీ పైకి నడిచిన ఈ దారి, మొదలూ చివరా రెండు చుక్కలు పెట్టి గీత గీస్తే కనబడదు. దేశం లోపల చూసినా అంతే. అసమానతను కలిపి లెక్కిస్తే మన 0.685లో సుమారు 30 శాతం కరిగిపోతుంది.

మొన్న స్టాఫ్ రూమ్‌లో ఇవన్నీ చెబితే ఫిజిక్స్ సార్ ఓపిగ్గా విని ఒక మాటన్నారు. "బాగానే ఉంది మాస్టారూ. కానీ ఐఐటీ సీటు ఇచ్చేవాడు ఎక్కడ మొదలయ్యావని అడగడు కదా?" నిజమే, అడగడు. సీటుకి చివరి మార్కే కావాలి. నేను కాదనలేదు. కానీ సీటు ఎవరికివ్వాలన్న ప్రశ్నకు ఆ మార్కు సరిపోతుందేమో గానీ, ఏ పాఠం పనిచేసింది, ఏ పద్ధతిని పక్క ఊరికి తీసుకెళ్ళాలి అన్న ప్రశ్నకు సరిపోదు. దేశాల్ని పోల్చేది సీట్లు పంచడానికి కాదు. ఉప్పు, బెల్లం, నీళ్ళ కబురు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్ళాలో తెలుసుకోవడానికి.

నా దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంటుంది. జూన్‌లో పిల్లలు చేరిన మొదటి రోజు చిన్న స్లిప్ టెస్ట్ పెట్టి, ఆ మార్కుల్ని పేరుకి ఎడమవైపు గడిలో రాసుకుంటాను. సెక్షన్ మారినా పేరు కొట్టెయ్యను, ఆ పిల్లల మార్కులు కనుక్కుని అదే వరసలో రాస్తూ పోతాను. మైలవరం అమ్మాయి పేరు ఏ ఫ్లెక్సీ మీదకీ ఎక్కలేదు, రెండేళ్ళూ చివరి సెక్షన్‌లోనే ఉంది. నా నోటుబుక్కులో ఆ ఏడాది పేజీ తిప్పితే ఆమె వరస మొదట్లో 48 ఉంటుంది, దాని పక్కన 61, 57, 74, 90… మధ్యలో జ్వరం వచ్చి రాయని వారానికి ఖాళీ గడి, చివర్లో 131. కిందటి నెల ఫోన్ చేసింది. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉందట, పిల్లల వార్డులో డ్యూటీ వేశారట. "సార్, ఇక్కడ తల్లులకి ఓఆర్ఎస్ కలపడం నేనే చూపిస్తున్నాను" అంది.